ఎర్ర ఊలు పుట్టగొడుగు

జయా, బాగున్నావా? జవాబు ఆలస్యమైంది, క్షమించవే.

ప్రెస్సు మిషను కింద రెండు వేళ్లు పోయాక మీ తమ్ముడు కృపాదానాన్ని కార్ఖానా వాళ్లు గేటు డ్యూటీలో కూర్చోబెట్టారు కదా. చేతికి కసరత్తు కావాలని డాక్టరు చెప్పాడట. క్రోషియా అల్లిక నేర్చుకుంటానని బారిడీహ్‌లో నా ఊలు కొట్టుకి వచ్చాడు.

"ఆడోల్ల పనైతే ఏటక్కా? నవ్వినోల్లు నవ్వనీ, నాకు నేర్పు."

కొత్తవాళ్లకి నేర్పే చిన్న పుట్టగొడుగే మొదలుపెట్టించాను. తెల్ల కాడ, ఎర్ర గొడుగు. వరసకి ఆరు కుట్లు పెంచడం మరిచిపోతే గొడుగు కాస్తా గొట్టమైపోయేది. "ఏటక్కా, మిరపకాయ కాసింది!" అని తనే నవ్వేవాడు. నెల తిరిగేసరికి ఎంత ముద్దుగా అల్లాడో!

మురిసిపోయి, వాడి పేరు రాసి కొట్టు అద్దాల బీరువాలో పెట్టాను. ఊలు కొనడానికొచ్చిన కార్ఖానా సూపర్‌వైజరు అది చూసి, "అరే వాహ్! హాథ్ ఠీక్ హో గయా?" అన్నాడు. చెయ్యి పూర్తిగా బాగైపోయిందని నేనే గొప్పగా చెప్పాను.

సోమవారం నుంచి వాణ్ణి మళ్లీ ఆ ప్రెస్సు దగ్గరే నిలబెట్టారు.

నిన్న వచ్చి క్రోషియా సూది బల్ల మీద పెట్టేశాడు. "ఇంకేటీ నేర్పకక్కా" అన్నాడు.

వాడి ఎదుట ఒక్కదాన్నే నిలబడలేకపోతున్నాను. నువ్వెప్పుడొస్తావు జయా?