ముగ్గురి కోసం పంపిన చేపలు

చెరువు ఎండేలోగా పిల్లలకు ఎగరడం నేర్పే బడిని కొంగ మాస్టారు నడిపేవాడు. ఆ ఏడాది తల్లి లేని పిల్లలు ముగ్గురు అందులో చేరారు. తిండి చాలక వాళ్ల రెక్కలు బలపడలేదు. వాళ్ల కోసమని చెరువుకు పెద్ద అయిన గూడబాతు రోజూ కొన్ని చేపలు అదనంగా పంపేవాడు.

మాస్టారు వాటిని బాగా ఎగిరే పిల్లలకే పెట్టాడు.

"అవి మాకు పంపినవి కదండీ, మాస్టారూ?" అంది ముగ్గురిలో చిన్నదైన చిట్టి.

"నీకు పెడితే ఏం కనబడుతుందే? గెంతడానికే ఆయాసపడతావు. వీళ్లయితే పెద్దాయన వచ్చిన రోజున మబ్బుల దాకా ఎగిరి చూపిస్తారు. బడికి పేరొస్తుంది."

పెద్దాయన వచ్చాడు. పిల్లలు బారులు తీరి మబ్బుల దాకా ఎగిరారు. గూడబాతు తలెత్తి చూడలేదు. రెల్లుపొద వెనక నక్కి ఉన్న ముగ్గురి దగ్గరకు నడిచాడు.

"పైనున్నవాళ్లు నా చేపలు లేకపోయినా ఎగిరేవాళ్లే, మాస్టారూ. చెరువులో నీళ్లు పది రోజులకు మించి ఉండవు. మరి వీళ్ల గతేమిటి?"

ఆనాటి నుంచి మాస్టారు తాను పస్తుండి, పట్టిన ప్రతి చేపనూ ఆ ముగ్గురికే పెట్టాడు.

పదో రోజున పక్షులన్నీ చెరువు విడిచి వెళ్లాయి. ముగ్గురిలో ఇద్దరు వాటి వెంట ఎగిరారు. చిట్టికి మాత్రం రెక్కలు ఇంకా లేవలేదు.

"మీరు వెళ్లండి, మాస్టారూ," అంది చిట్టి.

మాస్టారు రెక్కలు ముడుచుకుని, మిగిలిన బురదలోకి దిగి చేపలు వెతకసాగాడు.