చెరగని గుర్తులు

“మీ రక్తంలో ఒక్క గుర్తూ చెరగలేదు,” అంది డాక్టరమ్మ, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

“చెరక్కపోవడమేంటమ్మా! ఈయన ఇంట్లో గొంతెత్తి ఎన్నాళ్లయిందో,” అంది బస్సు డ్రైవరు భార్య. “నిన్న ఎవడో వచ్చి బస్సుని గుద్దితే, దిగి వాడికే మంచినీళ్లిచ్చి వచ్చారు.”

డ్రైవరు చేతులు కట్టుకుని చిరునవ్వుతో కూర్చున్నాడు. ఒకప్పుడు ఈ మనిషే, హారన్ కొట్టిన పాపానికి అంబులెన్సుకి అడ్డం తిరిగాడు. ఉద్యోగం ఊడేదాకా వచ్చాక, కోపం తగ్గించే కొత్త మందు వాడి చూడడానికి మొదటి మనిషిగా ఒప్పుకున్నాడు.

ఆ రోజు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. “కణంలో ఏ పని జరగాలో చెప్పే సందేశం ఆర్ఎన్ఏ. దాని మీద చిన్న చిన్న రసాయన గుర్తులు పడుతుంటాయి. ఏ సందేశం చదవాలి, ఏది చించెయ్యాలి అన్నది చాలావరకు వాటిని బట్టే ఉంటుంది. అవి తప్పుగా పడితే జబ్బులొస్తాయి, ఇలాంటి కోపమూ వస్తుంది. ‘పది’లో సున్నా దూరితే ‘పంది’ అయిపోదూ? అలాగన్నమాట. మా మాత్ర ఆ సున్నాని తుడిచేస్తుంది.”

“నన్ను పందంటారా?” అని డ్రైవరు బల్ల గుద్దాడు. మైక్రోస్కోపు ఎగిరిపడింది.

ఇప్పుడు చూస్తే గుర్తులు ఎక్కడివక్కడే ఉన్నాయి, కోపం మాత్రం మాయం. రేపు మందుల కంపెనీ పెద్దలంతా వచ్చి ఫలితం అడుగుతారు. చెప్పలేకపోతే మందుకి అక్కడితో మంగళం.

“రక్తంలో కాకుండా మెదడులో చెరిగాయేమో,” అని గొణుక్కుంది డాక్టరమ్మ. “తల కోసి చూడలేం కదా!”

“కోసుకోండమ్మా. ఇప్పుడు ఏమీ అనరు,” అంది భార్య.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. “నిజం చెప్పండి. మాత్రలు వేసుకున్నారా?”

డ్రైవరు భార్య వైపు ఓరగా చూశాడు. “లేదమ్మా. భయమేసింది.”

“మరి కోపమెలా పోయింది?”

“రాత్రంతా ప్రాణం తీసే పక్కింటి కుక్క మొరగడం మానేసిందమ్మా. హాయిగా నిద్రపడుతోంది. కంటినిండా నిద్రుంటే నాకు కోపమెందుకు?”

డాక్టరమ్మ నీరసంగా వెనక్కి వాలింది. ఏళ్ల కష్టం నీళ్లపాలైంది. మందు పనిచేస్తుందనడానికి ఇక ఒక్క రుజువూ లేదు.

“సరే, ఆ మాత్రలన్నీ వెనక్కిచ్చెయ్యండి.”

డ్రైవరు తల గోక్కున్నాడు.

“అన్నీ ఆ కుక్కకే పెట్టేశానమ్మా.”