కొత్త పాటలో పాత చప్పుడు

శుక్రవారం కొత్తగా విడుదలైన పాటలు వెతికి మెకానిక్ నాన్నకు వినిపించడం కూతురి అలవాటు. ఆయన పని ఆపకుండా విని, ఇంజన్ల మీద చెప్పినట్టే తీర్పు చెప్పేవాడు.

ఆదివారాలు మూసి ఉండే షెడ్డులో తమ బ్యాండు వాయించుకోవచ్చా అని నిన్ననే అడిగింది. "నా షెడ్డేమన్నా సంతా?" అన్నాడు. అందుకే ఈ వారం ఒక్క పాటే తెచ్చింది. అది విని ఆయన మనసు మారాలి.

"గరాజ్ పంక్ అని ఒక రకం రాక్ పాట, నాన్నా. ఎవరో కొత్తవాళ్లు."

గిటార్లు గరగరలాడాయి. ఎవరి గొంతో పోల్చుకోలేనంతగా ఒక అమ్మాయి అరిచింది. ఆయన స్పానర్ పట్టుకునే కళ్లు మూసుకున్నాడు.

"ఆ పిల్లకి ఆకలేస్తున్నట్టుంది గానీ, ఊపుందే. వెనకాల ఆ టకటక ఏమిటి?"

"డ్రమ్ము."

"డ్రమ్ము కాదు. కంప్రెసర్ బెల్టు కవరుకి నట్టు లూజు. మూడుసార్లు కొట్టి ఒకసారి ఆగుతుంది."

ఆమె గబుక్కున ఫోనులో పాట ఆపేసింది.

"మన కంప్రెసరే. ఆ నట్టు నేను బిగించి మూడు వారాలైంది. అంటే నిన్న నన్నడిగేనాటికే పాట అయిపోయిందన్నమాట. తాళం ఎలా తీశావో అడగనులే."

"విన్నవాళ్లంతా ఆ చప్పుడే బాగుందంటున్నారు నాన్నా," అంది నెమ్మదిగా.

ఆయన లేచి కంప్రెసర్ దగ్గరికి వెళ్లాడు. నట్టుకి స్పానర్ తగిలించి, కొంచెం వదులు చేశాడు.

"రెండో పాటకి ఇంత సరిపోతుందా?"