జుట్టు ఊడని మందు

దేవుడు పనికిరానిదేదీ పుట్టించడంటారు. మరి కణాల్లో ఉండి ఏ ప్రోటీనూ తయారు చెయ్యని పొడుగాటి ఆర్‌ఎన్‌ఏని ఒంట్లో ఎందుకు పెట్టాడని నాకు ఏళ్లనాటి సందేహం. మొన్న పొద్దున్న, ఇప్పుడు ఇంటింటా ఉండే రక్తపరీక్ష పెట్టె నా నెత్తుటి చుక్క చూసి చెప్పింది. అలాంటిదొకటి నా కాలేయంలో కూర్చుని కేన్సర్ కణాలను పెరగమని పురమాయిస్తోందట.

"పని చెయ్యదు, అందరికీ పురమాయిస్తుంది. అచ్చం మీలాగే," అంది మా ఆవిడ కామేశ్వరి, కళ్లు తుడుచుకుంటూ.

నర్సమ్మ దాని నోరు మూయించే సూది వేసింది.

"జుట్టు ఊడుతుందామ్మా?" అన్నాను ఆశగా.

"పాతకాలం మందు కాదండీ. ఒక్క వెంట్రుకా ఊడదు."

నా నిట్టూర్పు కామేశ్వరి పసిగట్టింది. "పెద్దాడి కామెర్లప్పుడు అప్పన్నకు మొక్కిన గుండు, మందు చేత తీర్పిద్దామనుకున్నారా?"

నెల తిరిగేసరికి కణితి కరిగిందని పెట్టె చెప్పింది. ఆ వారమే సింహాచలం వెళ్లి, ఇరవై ఆరేళ్లుగా దువ్వుకుంటూ దాచుకున్న జుట్టు అప్పన్నకు ఇచ్చేశాను.