రక్షిత కట్టడం

"ఆ షెడ్డు మీద గునపం పడాలంటే ముందు నా నెత్తిన పడాలి!" అని జిప్పులక్క బల్ల మీద గుద్దింది. మేయరు ముందున్న గ్లాసులో నీళ్లు తొణికాయి.

కౌన్సిల్ హాలు కిటకిటలాడుతోంది. గొడవ పెద్దదేం కాదు. నగరంలో బస్సులకని ప్రత్యేకంగా కొత్త దారి వేస్తున్నారు. అది నాలుగురోడ్ల మూల మలుపు తిరిగేచోట రాతి షెడ్డు ఒకటి అడ్డొస్తోంది. ఒకప్పుడు ట్రాము కోసం జనం కూచున్న షెడ్డు. ట్రాములు పోయాయి, పట్టాలు పోయాయి. మూడువైపులా గోడలతో, పైన రాతికప్పుతో షెడ్డు మాత్రం మొండిగా మిగిలింది. దాని ముందు ఫుట్‌పాత్ మీద కుట్టుమిషను పెట్టుకుని తెగిన సంచులకు జిప్పులు వేస్తుంది కాబట్టి ఆమె జిప్పులక్క. అసలు పేరు అడిగినవాడు లేడు.

పొద్దున బయల్దేరేటప్పుడే అత్త తెగేసి చెప్పింది. "గెలిస్తేనే ఇంటికి రా. ఓడిపోయి వచ్చావో, నీకూ నాకూ చెల్లు."

"చూడమ్మా," అన్నాడు ఇంజినీరు. "బస్సొస్తే వేలమందికి మేలు. నీ ఒక్కదాని మిషను కోసం ఊరంతా ఆగాలా?"

"బస్సు వద్దని ఎవరేడ్చారు సారూ? బస్సెక్కేది నేను, మీరు కాదు. దారి కొంచెం ఎడమకి జరపండి. అటేముంది? మీ కార్లు పెట్టుకునే జాగా. చక్రాలున్న కార్లు జరగవంట, గోడలు జరగాలంట. భలే న్యాయం!"

వెనక బెంచీల్లో ఈలలు. మేయరు గంట కొట్టి, గొంతులో తేనె కలిపాడు.

"పోనీ, కొత్త బస్టాండు కాంప్లెక్సులో నీకో కొట్టు ఇప్పిస్తాం. ఫ్యాను, లైటు, షట్టరు. అద్దె కూడా వద్దులే. సరేనా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఎండలో మాడే మనిషికి నీడపట్టున కొట్టు! ఎవరైనా ఎగిరి గంతేస్తారు.

"మరి రాత్రిపూట?" అంది జిప్పులక్క.

"రాత్రిపూట కాంప్లెక్సు మొత్తానికి తాళం పడుతుంది. దొంగల భయమే ఉండదు."

"అయితే నాకొద్దు."

ఇంజినీరు పగలబడి నవ్వాడు. "చూశారా ఆశ! రాత్రిళ్లు కూడా కుట్టి మేడలు కట్టాలి కాబోలు!"

అందరూ నవ్వారు. ఆమె మొహం కందగడ్డయింది.

"మేడలెవరు కట్టారో, ఏ రోడ్డు తారుతో కట్టారో నన్ను చెప్పమంటారా సారూ?"

నవ్వులు టక్కున ఆగాయి. ఇంజినీరు కాగితాల్లో తల దూర్చాడు.

"అసలు అందులో ఏముందమ్మా, పాతరాళ్లు తప్ప?" అన్నాడు మేయరు.

"పాతవే. మరి మీరు కట్టిన కొత్త బస్టాపుల్లో ఒక్కసారైనా కూచున్నారా? ఏటవాలు సీట్లు! కూచుంటే జారతాం. నడుం వాలుద్దామంటే మధ్యలో ఇనప కడ్డీ. పైన రేకుంటుంది, వాన మాత్రం లోపలే కురుస్తుంది. ఆ షెడ్డులో చినుకు పడదు. పడమటి గోడ ఎండకి కాగి, చలికాలంలో పొద్దుపోయేదాకా వెచ్చగా ఉంటుంది. కట్టినోడు మనిషిని తలుచుకుని కట్టాడు. మీరు టెండరుని తలుచుకుని కడతారు."

కౌన్సిల్ సలహాకని పిలిపించిన చరిత్ర మాస్టారు కుర్చీలోంచి లేచిపోయాడు.

"అధ్యక్షా! ఆ కట్టడం మీద నేను వ్యాసాలు రాశాను. ఆ గోడ వెచ్చదనం గురించి ఒక్క ముక్క రాయలేదు. వారసత్వ సంపద మీద ఇంత ప్రేమ నేనెక్కడా చూడలేదు!"

విలేకరుల కెమెరాలు పైకి లేచాయి. కెమెరా కనబడితే మేయరు మనసు వెన్నపూస. ఓటింగు పెట్టాడు. చేతులన్నీ లేచాయి, ఇంజినీరు చెయ్యి కూడా. బస్సుదారి ఎడమకి జరిగింది. షెడ్డు రక్షిత కట్టడమైంది.

"సాయంత్రానికల్లా రక్షణ ఏర్పాట్లు పూర్తవ్వాలి!" అని మేయరు అక్కడికక్కడే హుకుం జారీ చేశాడు. మురుగుకాలవకి మూత వెయ్యమంటే ఏళ్ల తరబడి తిప్పిన ఆఫీసు అది. ఆవేళ మాత్రం ఫోన్లు మోగాయి, లారీలు కదిలాయి. మర్నాడు పేపర్లో ఫొటో పడాలి కదా!

"రక్షణంటే ఏంటి సారూ?" అని అడిగింది జిప్పులక్క.

"ఇంక దాన్నెవడూ ముట్టుకోడమ్మా!"

ఆ రోజుకి మొదటిసారి నవ్విందామె. ఈయనతో ఫొటో, ఆయనతో ఫొటో, మాస్టారి ఉపన్యాసం. అన్నీ అయ్యేసరికి మసక చీకటి పడింది. అత్త నోరు మూయించాలని గబగబా నడిచింది.

షెడ్డు కడిగిన ముత్యంలా ఉంది. ముందువైపు కొత్తగా ఇనప కటకటాలు. పిడికిలంత తాళం. పక్కన బోర్డు: 'రక్షిత కట్టడం. లోపలికి ప్రవేశం లేదు.'

కొత్త యూనిఫాంలో ఉన్న కాపలావాడు లేచి సెల్యూట్ కొట్టాడు. "నీ పుణ్యమా అని ఉద్యోగం దొరికిందక్కా! లోపలి చెత్తంతా ఊడ్చి బండెక్కించేశారు. ఇంక పిట్ట కూడా దూరదు. నీ మిషను మాత్రం ఇదిగో, బయట భద్రంగా పెట్టించాను."

జిప్పులక్క తాళం పట్టుకుని గుంజింది. అది కదల్లేదు. 

మధ్యాహ్నం నుంచీ వీధి కుళాయి దగ్గర లైన్లో నిలబడి, అప్పుడే బిందెతో వచ్చిన అత్త ఆమె పక్కన ఆగింది.

"ఏమే, గెలిచావా?"

"గెలిచానత్తా."

అత్త బిందె దించి, కటకటాల్లోంచి లోపలికి తొంగి చూసింది.

"మరి మనింటికి తాళం ఎవరేశారే?"