వెళ్ళేవారు చెప్పే మాట

భీమిలి తీరాన ఉన్న మేఘశాలలో రెండు తాళంచెవులు ఒకేసారి తిప్పితేనే వాన కురుస్తుంది. ఒకటి అమెరికా ఇంజనీరు డోరతీ దగ్గర, రెండోది చైనా ఇంజనీరు లిన్ దగ్గర ఉంటాయి. ఎదుటివారి భాషలో మాట్లాడటం ఇద్దరికీ నామోషీ. అందుకే పైడితల్లి టీచరు దగ్గర తెలుగు నేర్చుకుని, తెలుగులోనే పోట్లాడుకునేవారు.

ఆ ఉదయం తాళంచెవులు తిప్పేందుకు ఒకటి, రెండు, మూడు ఎవరు లెక్కపెట్టాలన్న దగ్గర మాట పెరిగింది. బయట పైడితల్లి తమ్ముడి వరి ఆకుమడి ఎండిపోతోంది.

లిన్ సంచీ భుజాన వేసుకున్నాడు. "ఇక చాలు, మా దేశం పోతా..." అనబోయి, పక్కనే ఉన్న టీచరు ముఖం చిట్లించడం చూసి మర్యాదగా సరిదిద్దుకున్నాడు. "వస్తానండీ."

"ఎప్పుడు వస్తారు?" అంది డోరతీ.

"రాను. వెళ్ళిపోతున్నాను."

"ఇప్పుడేగా వస్తానన్నారు!"

ఇద్దరూ టీచరు వంక చూశారు. పుట్టిననాటి నుంచి పలుకుతున్న ఆ మాట లోపలికి పైడితల్లి ఎన్నడూ తొంగిచూడలేదు. వెళ్ళేవాడి నోటితోనే తిరిగి వస్తానని అనిపించే మాట అది.

"మా వైపు వెళ్ళేవాడే వస్తానంటాడు బాబూ," అంది నెమ్మదిగా. "అన్నాక రాకపోతే అబద్ధమాడినట్టే మరి."

లిన్ గడప మీద నుంచి వెనక్కి తిరిగాడు. తరువాత సంచీ దించాడు.

"అయితే వచ్చేశానండీ."

"మరీ ఆలస్యం చేశారు," అంది డోరతీ నవ్వు ఆపుకుంటూ.

ఇద్దరూ గొంతు కలిపి లెక్కపెట్టి తాళంచెవులు తిప్పారు. ఉరుము వినబడగానే పైడితల్లి, "అయ్యో, మేడ మీద నా వడియాలు!" అంటూ పరుగెత్తింది.