ఎనిమిది వేల చుట్లు

పొద్దుటి నుంచి ఆ కొట్లో ఆమె చూస్తున్న పదకొండో గిటార్ అది.

మొదటి పదీ ప్లగ్గు పెట్టి, నాలుగు తీగలు మీటి, మూతి విరిచి మళ్లీ గోడకి తగిలించేసింది. బ్యాండులో వాళ్లు ఆమెకి ‘సణుగుడు’ అని ఊరికే పేరు పెట్టలేదు.

కానీ ఈరోజు ఏదో ఒకటి నచ్చక తప్పదు. రేపు పొద్దునే రికార్డింగ్. పాత గిటార్ రొద పెడుతోందని స్టూడియో ఆయన ఇప్పటికే ఒకసారి వెనక్కి పంపేశాడు. మళ్లీ పంపాడంటే ఇంకొకరిని పిలుచుకుంటాడు. నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగితే దొరికిన అవకాశం అది.

పదకొండోది అరలో అడుగున పడుంది. రంగు పెచ్చులూడిపోయింది. పెద్దగా ఆశ లేకుండానే మీటింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చిన్నప్పటి నుంచి తలలో మోగుతున్న ధ్వని ఇదే. ఎన్ని కొట్లు తిరిగినా దొరకనిది ఇదే. కొసలో మాత్రం ఏదో కాస్త వెలితి.

“అవునమ్మా, కాస్త వెలితే” అన్నారెవరో.

ఆ మాట ఆమె పైకి అనలేదు.

తలెత్తి చూసింది. కిటికీ పక్కన స్టూలు మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. తను వచ్చేసరికే ఉన్నాడో, తర్వాత వచ్చాడో గుర్తు లేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో ఏదో సన్నటి దారం పట్టుకున్నట్టు కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

ఆమె తీగల మీంచి చెయ్యి తీసేసింది. అయినా గిటార్ మోతని పెంచే ఆంప్ పెట్టెలోంచి గొణుగుడు వినిపించింది.

“...ఏడువేల తొమ్మిదివందల యాభై ఒకటి. యాభై రెండు. యాభై మూడు...”

స్టూలుకీ ఆంప్‌కీ మధ్య పదడుగుల దూరం ఉంటుంది.

“బాబాయ్, ఇందులో ఎవరో మాట్లాడుతున్నారు” అంది.

కొట్టాయన బల్ల దగ్గర అటు తిరిగి ఏదో వైరు అతికిస్తున్నాడు. రెండోసారి అరిస్తే గానీ తల తిప్పలేదు.

“ముప్పై ఏళ్లు ఈ మోతలో బతికాక నా చెవులెక్కడ మిగిలాయి తల్లీ. ఏంటి, మాట్లాడుతోందా? అది మైనం పట్టని పికప్.”

తీగల కింద బిగించే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ. అదే పికప్. చుట్ల సందుల్లో మైనం దిగకపోతే అవి వణుకుతాయని, పక్కవాళ్ల మాటలు కూడా పట్టేస్తాయని ఆయన చెప్పాడు.

“రేపు రికార్డింగులో ఈల వేసిందంటే నీ పరువు తీస్తుంది. పావుగంట మైనంలో ముంచుదాం. నోరు మూసుకుంటుంది.”

“ముంచొద్దమ్మా” అన్నాడు ముసలాయన. “ఇంకో నలభై ఉన్నాయి. రెండు నిమిషాలు ఆగు. లెక్క నిండిందంటే ఇక గొణగదు, ఈలా వెయ్యదు.”

నలభై ఏమిటో ఆమె అడగలేదు. ఆ మాటలు ఆయన నోట్లోంచి కాక ఆంప్‌లోంచి వచ్చాయి. ఆమెకి భయమేసింది. భయమేస్తే ఆమెకి కోపమొస్తుంది.

“తాతగారూ, రేపు వాయించేది మీరు కాదు, నేను. మీ పని మీరు చూసుకోండి.”

“నా పనే తల్లీ” అన్నాడాయన నెమ్మదిగా.

ఆమె ప్లగ్గు పీకేసి గిటార్‌ని కొట్టాయన చేతిలో పెట్టింది. ఆయన రెండు మరలు విప్పి పికప్‌ని బయటికి తీశాడు. చిన్న గిన్నెలో మైనం అప్పటికే కరిగి ఉంది. దారం కట్టి అందులోకి దింపాడు.

సన్నటి బుడగలు వరసగా పైకొచ్చాయి.

ఆమె ఓరగా స్టూలు వైపు చూసింది. ముసలాయన పెదవులు ఇంకా కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. కళ్లలో కోపం లేదు. అదే ఆమెకి ఇబ్బందిగా అనిపించింది. చూపు తిప్పేసుకుంది.

బుడగలు ఆగిపోయాయి.

మళ్లీ చూస్తే స్టూలు ఖాళీ. తలుపుకి కట్టిన గంట మోగనేలేదు.

పికప్ చల్లారాక కొట్టాయన బిగించి ఇస్తే, ప్లగ్గు పెట్టి మీటింది. రొద లేదు, గొణుగుడు లేదు. శుభ్రంగా ఉంది. గోడకి తగిలించిన పదింటిలాగే ఉంది. ఆ ధ్వని లేదు. ఎంత మీటినా లేదు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

“మీ పెద్దాయన అలిగి వెళ్లిపోయినట్టున్నారు బాబాయ్.”

“ఏ పెద్దాయన?”

“ఆ స్టూలు మీద... లెక్కపెట్టుకుంటూ.”

మళ్లీ వైరు అతికిస్తున్న కొట్టాయన చెయ్యి ఆగింది. స్టూలు వైపు తిరిగాడు.

“మా మామయ్య పికప్‌లు చుట్టేవాడమ్మా, ఆ స్టూలు మీదే. యంత్రం ముట్టేవాడు కాదు. ఒక్కో చుట్టూ నోటితో లెక్కపెట్టుకుంటూ, సరిగ్గా ఎనిమిది వేలు. మధ్యలో మా అత్తయ్య పిలిచినా పలికేవాడు కాదు, లెక్క తప్పుతుందని.”

తనతో మూడుసార్లు పలికాడని ఆమెకి గుర్తొచ్చింది.

“ఆఖరిది ఇదే. చుడుతూ చుడుతూ అక్కడే తల వాల్చేశాడు. ఆరేళ్లయింది. ఇంకెన్ని మిగిలాయో ఎవరికి తెలుసు? అక్కడికే తెంపి, అతికించి, ఇందులో బిగించేశాను.”

“నలభై” అంది ఆమె.